కదిలే గదికి చల్లదనం: కొత్త యంత్రమా, నమ్మిన యంత్రమా?



రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారు. తిరుత్తణి వాళ్లకు ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. కత్తిరి ఎండలు మొదలైతే చాలు, తమిళనాడులో ఆ రోజు ఎక్కువగా కాగిన ఊళ్ల వరుసలో తిరుత్తణి పేరు తరచు వినబడుతుంది. చెన్నైలో ఉన్నవారికి మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి వచ్చి కొంత ఊరట ఇస్తుంది. ఆ గాలి తిరువళ్లూరు దాటి, అరక్కోణం దాటి తిరుత్తణి కొండ దాకా రావడానికి పొద్దు వాలుతుంది. కొన్ని రోజులైతే అసలు రానే రాదు.

ఇలాంటి ఎండలో బండి నడుపుకొని బతికేవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఆడికృత్తికకు కావడి మొక్కుల వాళ్లను, అమావాస్యకు తిరువళ్లూరు వీరరాఘవస్వామి దర్శనానికి వచ్చేవాళ్లను, ఏడాది పొడుగునా తిరుపతి యాత్రికులను వ్యాన్లలో, చిన్న బస్సుల్లో తీసుకువెళ్లేవారు వీరు. ఇప్పుడు బాడుగకు వచ్చే ప్రతివారూ మొదట అడిగే మాట, 'బండిలో ఎ.సి. ఉందా?' అని. బండి యజమానికి అక్కడే చిక్కు వస్తుంది. ఎన్నో ఏళ్లుగా అందరూ వాడుతున్న, ఇంజను బెల్టుతో తిరిగే ఎ.సి. పెట్టించాలా? బ్యాటరీ మీద నడిచే, ఇంజను ఆపినా ఆగని కొత్త రకం పైకప్పు యంత్రం పెట్టించాలా? రెండూ లక్షల మాటే. ఎంపిక తప్పితే ఒక సీజను సంపాదన పోతుంది.

ఈ ప్రశ్న మనకు కొత్తగా అనిపించవచ్చు. కాని మన ఊళ్ల మీదుగా పోయే రైలుదారి మీద ఇదే ప్రశ్న నూట యాభై ఏళ్లకు పైగా మళ్లీ మళ్లీ వచ్చింది. కదిలే గదిని చల్లబరచడానికి మనుషులు ఏ ఏ ఉపాయాలు పన్నారు, వాటిలో ఏది నిలిచింది, ఏది పోయింది, ఎందుకు పోయింది అన్నది ఈ ప్రసంగంలో చూద్దాం.

దక్షిణ భారతంలో మొదటి రైలుదారి 1856 జూలై 1న తెరుచుకుంది. అది మద్రాసు రాయపురం నుంచి తిరువళ్లూరు, అరక్కోణం మీదుగా వాలాజా రోడ్డు దాకా వెళ్లింది. తరువాత అరక్కోణం నుంచి ఒక శాఖ తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంటల మీదుగా వాయవ్యంగా సాగి, 1871 నాటికి రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన దారితో కలిసింది. అంటే మద్రాసు నుంచి బొంబాయికి పోయే మనిషి తిరుత్తణి ఎండను, కడప ఎండను, ఆపైన గుంతకల్లు, ఆదోని ఎండను వరుసగా దాటాలి. ఇనుము, కొయ్య కలిపి చేసిన పెట్టె. పైన ఎండ, కింద కాగిన కంకర. మూడో తరగతి వారికి తాటాకు విసనకర్రే గతి. అన్ని తరగతుల పెట్టెల్లోనూ ఫ్యాన్లు, దీపాలు ఉండి తీరాలన్న నియమం స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గాని రాలేదు.

మొదటి తరగతి వారికి మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలోనే ఒక ఏర్పాటు చేశారు. మన ఇళ్లలో ఎండాకాలం గుమ్మాలకు కట్టే వట్టివేళ్ల తడికలనే రైలుపెట్టె కిటికీలకు అమర్చారు. వాటి మీద నీళ్లు చల్లితే, బండి పరుగుకు తగిలే గాలి ఆ తడి గుండా దూరి చల్లబడి, వట్టివేరు వాసనతో లోపలికి వచ్చేది. ఇందులో సూత్రం మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని గాలి నుంచి లాక్కుంటుంది. దాంతో గాలి చల్లబడుతుంది.

కాని ఈ ఉపాయానికి ఒక షరతు ఉంది. గాలి పొడిగా ఉండాలి. తిరుత్తణిలో పడమటి వడగాలి వీచే మధ్యాహ్నం తడిక బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే తడికను మద్రాసు రేవు దగ్గర, గాలి నిండా చెమ్మ ఉన్నచోట కడితే చెమట ఆరదు సరికదా, ఇంకా ఉక్కపోస్తుంది. ఒకే రైలుదారికి ఒక కొసన మెప్పు పొందిన పద్ధతి, ఎనభై, ఎనభై అయిదు కిలోమీటర్ల దూరంలో మరో కొసన పనికిరాకుండా పోయింది. 'ఇది అనుభవంలో నెగ్గిన సరుకు' అని ఎవరైనా చెబితే, ఎక్కడ నెగ్గిందని కూడా మనం అడగాలి. వట్టివేరు తడిక నేర్పే మొదటి పాఠం అదే.

తడిక తరువాత వచ్చింది మంచుగడ్డ. దాని కథ మద్రాసు సముద్రతీరంలో ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరపు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల మీద చలికాలంలో పేరుకునే మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో ప్రపంచమంతా అమ్మాడు. 1833లో ఆయన మంచు కలకత్తా చేరింది. 1842లో మద్రాసు తీరాన ఆ మంచు నిలవచేయడానికి ఒక గుండ్రటి భవనం కట్టారు. అదే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. అందుకే ఇప్పుడది ఆయన పేరు మీద ఉంది.

ముప్పై ఏళ్లకు పైగా మద్రాసు దొరలు నమ్మిన సరుకు ఆ బోస్టన్ మంచు. ఇంతలో ఆవిరి యంత్రంతో మంచు తయారుచేసే పద్ధతి వచ్చింది. 1874లో మద్రాసులోనే మంచు తయారుచేసే కంపెనీ ఒకటి వెలిసింది. సగం ప్రపంచం చుట్టి, దారిలో కొంత కరిగిపోయి వచ్చే మంచుకూ, ఊళ్లోనే పుట్టే మంచుకూ పోటీ ఏమిటి? కొద్ది ఏళ్లలోనే ఓడ మంచు వ్యాపారం అంతరించింది. బోస్టన్ మంచులో లోపం ఏమీ లేదు. అయినా అది ఎంత దూరం నుంచి రావాలి అన్నదే దాన్ని ఓడించింది. నేడు విడిభాగాల విషయంలో మనం అడగవలసిన ప్రశ్న కూడా ఇదే.

మంచుగడ్డ పోయినా, దాని గుర్తు మాత్రం మన నాలుక మీద నిలిచిపోయింది. మనం 'ఒక టన్ను ఎ.సి.', 'టన్నున్నర ఎ.సి.' అంటాం కదా! ఆ యంత్రం బరువు టన్ను ఉండదు. ఒక అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు, ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని తోడివేయగల యంత్రాన్ని ఒక టన్ను యంత్రం అన్నారు. ఇప్పటి లెక్కలో అది సుమారు మూడున్నర కిలోవాట్లు.

ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే రైళ్లలో మంచు ఎందుకు నిలవలేదో బోధపడుతుంది. 1928లో మొదలైన ఫ్రాంటియర్ మెయిల్ అనే పేరుమోసిన బండి బొంబాయి నుంచి పెషావరు దాకా నడిచేది. 1934లో ఆ బండి పెట్టె నేల కింద మంచుగడ్డలు పేర్చి, వాటి మీదుగా పంకాతో గాలి తోలి లోపలికి పంపారు. దారిలో స్టేషన్లలో కరిగిన మంచు తీసి కొత్త గడ్డలు నింపేవారు. ఆ రోజుల్లో అది రాజభోగం. కాని నేటి ఎ.సి. పెట్టెకు సాధారణంగా ఏడేసి టన్నుల యంత్రాలు రెండు, అంటే పద్నాలుగు టన్నులు అమరుస్తారు. ఆ పనిని మంచుతో చేయాలంటే గంటకు అయిదు వందల కిలోలకు పైగా మంచు కరగాలి. ఒక్క పెట్టెకే అంత మంచు! ప్రతి స్టేషనులోనూ ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉన్నా చాలదు.

అమెరికాలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే 1931లోనే ఒక బండి మొత్తాన్ని యంత్రంతో చల్లబరిచి నడిపింది. మన దేశంలో 1936లో ఎయిర్ కండిషన్ పెట్టెలు వచ్చాయి. 1955 అక్టోబరు 2న మద్రాసు పెరంబూరులో రైలుపెట్టెల కర్మాగారాన్ని ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. మరుసటి ఏడు, 1956లో హౌరా, ఢిల్లీల మధ్య పూర్తి ఎ.సి. బండి నడిచింది. 1969లో రాజధాని ఎక్స్‌ప్రెస్, 1993లో ఎ.సి. మూడంతస్తుల పెట్టె వచ్చాయి. ఈ చివరిది వచ్చాకే చల్లని ప్రయాణం మధ్యతరగతి కుటుంబానికి అందింది.

ఈ కాలమంతా రైల్వేలు నమ్ముకున్నది పెట్టె నేల కింద వేలాడే యంత్రాన్ని. కంప్రెసరు కింద, వేడిని బయటికి వదిలే కండెన్సరు కింద, చల్లని గాలి ఇచ్చే భాగం మాత్రం పైన. మధ్యలో పొడుగాటి రాగి గొట్టాలు. కరెంటు కోసం చక్రాల ఇరుసుకు బెల్టు తగిలించి జనరేటరు తిప్పేవారు. బండి ఆగితే బ్యాటరీలే ఆధారం. ఈ ఏర్పాటులో కష్టాలు లేకపోలేదు. పట్టాల దుమ్మంతా కండెన్సరుకు పట్టేది. గొట్టాల అతుకుల దగ్గర గ్యాసు కారేది. బెల్టు తెగితే చీకటి, ఉక్క రెండూ ఒకేసారి వచ్చేవి. అయినా దశాబ్దాల పాటు దాన్ని వదలలేదు. ఎందుకంటే, ప్రతి పెద్ద డిపోలోనూ దాన్ని విప్పి బాగుచేయగల చేతులు ఉండేవి. ఏ భాగం చెడితే ఆ భాగం మార్చేవారు. రాత్రి వచ్చిన బండి తెల్లవారేసరికి మళ్లీ బయలుదేరేది.

1990లలో పైకప్పు మీద అమర్చే యంత్రాలు వచ్చాయి. కంప్రెసరు, కండెన్సరు, గాలిపంకా అన్నీ ఒకే డబ్బాలో బిగించి ఫ్యాక్టరీలోనే మూసివేస్తారు. దుమ్ము తగ్గింది, బరువు తగ్గింది, గ్యాసు కారడం తగ్గింది. కాని ఇది పూర్తిగా వేరే రకం నమ్మకం. చెడితే అక్కడికక్కడ విప్పి బాగుచేయడం కుదరదు. క్రేనుతో డబ్బా మొత్తం దించి, మరో డబ్బా ఎక్కించాలి. అంటే డిపోలో క్రేను ఉండాలి, అదనపు డబ్బాలు నిలవ ఉండాలి, కరెంటు పరికరాలు తెలిసిన మనుషులు ఉండాలి. ఇవన్నీ ఒక్కరోజులో సమకూడవు. అందుకే చాలా ఏళ్లపాటు పాత పెట్టెలు, కొత్త పెట్టెలు పక్కపక్కనే నడిచాయి. పెరంబూరు కర్మాగారం తన పాత నమూనా పెట్టెల తయారీని 2018 జనవరిలో గాని ఆపలేదు. 2023 సెప్టెంబరు 24న మొదలైన చెన్నై–విజయవాడ వందే భారత్ బండి ఇప్పుడు రేణిగుంట మీదుగా, మన తిరుత్తణిని తాకుతూ పోతోంది. 1856 నాటి దారి మీదే కొంత దూరం నడిచే ఈ బండిలో ఎ.సి. లేని పెట్టె ఒక్కటీ లేదు.

ఇక్కడ గ్యాసు సంగతి ఒకటి చెప్పుకోవాలి. మొదటి శీతల యంత్రాల్లో అమ్మోనియా, గంధకపు వాయువుల వంటి విషవాయువులు వాడేవారు. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం 1928లో కొత్త రకం వాయువును కనిపెట్టింది. అది విషం కాదు, మండదు. 1930లో మిడ్జ్‌లీ దాన్ని అందరి ముందు పీల్చి, ఊది, కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. ఆ కుటుంబానికి చెందిన ఆర్-12 అనే గ్యాసు ఫ్రిజ్‌లలో, కార్లలో, రైలుపెట్టెల్లో రాజ్యమేలింది. అంతకంటే నమ్మదగిన సరుకు లేదన్నారు. 1974లో శాస్త్రజ్ఞులు మొలీనా, రోలండ్ ఈ వాయువులు ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది. 2010 నాటికి ఆ గ్యాసుల తయారీ ఆగిపోయింది. అరవై ఏళ్లు పరీక్షకు నిలిచిన సరుకు కూడా కొత్త ప్రశ్న ఎదురైనప్పుడు తప్పిపోయింది. దాని తరువాత పైకప్పు యంత్రాలు వాడిన ఆర్-22 కూడా ఇప్పుడు తొలగిపోతున్న వరుసలోనే ఉంది.

అలాగని కొత్త గ్యాసును కళ్లు మూసుకుని తెచ్చుకున్నవారూ లేరు. ఐరోపాలో కార్లకు కొత్త గ్యాసు ఒకటి పెట్టాలనుకున్నప్పుడు, 2012లో మెర్సిడెస్ కార్ల కంపెనీ తన పరీక్షల్లో అది వేడి ఇంజను మీద పడి మండిందని చెప్పి, వెంటనే మారడానికి ఒప్పుకోలేదు. చాలాకాలం తర్జనభర్జన జరిగింది. చివరకు ఆ గ్యాసు చాలా కార్లలోకి వచ్చింది, మెర్సిడెస్ కొన్ని కార్లలో బొగ్గుపులుసు వాయువుతో నడిచే పద్ధతిని కూడా ప్రయత్నించింది. పెద్ద కంపెనీలే ఇంత ఆలోచించినప్పుడు, వ్యాను యజమాని నాలుగు ప్రశ్నలు అడిగితే సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

రైలు వదిలి రోడ్డు మీదికి వద్దాం. అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ 1940 నమూనా కార్లలో ఎ.సి. పెట్టింది. అది వెనక సామాను పెట్టెలో సగం చోటు మింగేది. చల్లదనం చాలనుకుంటే దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! రెండేళ్లకే ఆ యంత్రం మూలపడింది. మన దేశంలో అంబాసిడర్ కారుకు డాష్‌బోర్డు కింద ఎ.సి. డబ్బా వేలాడదీయడం మద్రాసు టాక్సీల్లో చూసినవారు చాలామంది ఉన్నారు. అది బయట పెట్టించుకున్న సరుకు కాబట్టి, బయట మెకానిక్కు చేతికీ లొంగేది. 1998లో తిరువళ్లూరు పక్కన అధిగత్తూరులో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ మిత్సుబిషి లాన్సర్ కార్లు చేయడం మొదలుపెట్టింది. అందులో ఎ.సి. కారుతో పాటు పుట్టినది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. 2021 నుంచి తిరువళ్లూరు ఫ్యాక్టరీలో సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. కారులో ఎ.సి. ఉందా అని అడిగే కాలం పోయింది.

లారీ డ్రైవరు వంతు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. చెన్నై నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే జాతీయ రహదారి మీద మే నెలలో మధ్యాహ్నం లారీ క్యాబిన్లో కూర్చున్నవాడికి ముందు ఎండ, పక్కన ఇంజను వేడి. ఆ వేడిలో కునుకు పడితే ప్రాణాలు పోతాయి, అతనివీ, ఎదుటివారివీ. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద సరుకు లారీలన్నిటికీ ఎ.సి. క్యాబిన్ తప్పనిసరి అన్నది దాని సారాంశం. ఫస్టు క్లాసు కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టిన నాటి నుంచి, బరువులు మోసే మనిషి దాకా చల్లదనం రావడానికి నూరేళ్లకు పైగా పట్టిందన్నమాట.

ఇప్పుడు మన వ్యాను యజమాని ప్రశ్నకు తిరిగి వద్దాం. చరిత్ర నుంచి ఆయనకు నాలుగు మాటలు చెప్పవచ్చు.

మొదటిది తడిక మాట. యంత్రం శక్తిని ఎంత ఎండలో కొలిచారో అడగండి. మామూలు పరీక్ష బయటి వేడి 35 డిగ్రీలు ఉన్నప్పుడు చేస్తారు. బాగా వేడి దేశాల కోసం 46 డిగ్రీల దగ్గర చేసే పరీక్ష వేరే ఉంది. తిరుత్తణిలో నిలబడిన బండి పైకప్పు మీద గాలి 46 దాటడం వింత కాదు. బయట వేడి పెరిగేకొద్దీ టన్నులు తరిగిపోతాయి.

రెండోది మంచుగడ్డ మాట. చెడిన భాగం ఎంత దూరం నుంచి రావాలో అడగండి. తిరువళ్లూరులోనో, అరక్కోణంలోనో, తిరుపతిలోనో దాన్ని విప్పగలవాడు ఉన్నాడా? లేక బెంగళూరు, ఢిల్లీ పంపాలా?

మూడోది ఇరుసు బెల్టు మాట. బండి ఆగినప్పుడు యంత్రానికి శక్తి ఎక్కడిది? కొండ కింద బండి నిలిపి, యాత్రికులు దర్శనానికి వెళ్లి వచ్చే మూడు గంటలు చల్లదనం కావాలంటే బ్యాటరీ యంత్రం మేలు. కాని పైకప్పు మీది రెండు టన్నుల చల్లదనానికి గంటకు ఎంత కరెంటు ఖర్చవుతుంది, బ్యాటరీ ఎంత ఇస్తుంది అన్న లెక్క కాగితం మీద వేయించుకోవాలి. రోజంతా పరుగెత్తే బండికైతే ఇంజను బెల్టు యంత్రం నేటికీ నమ్మకస్థుడే.

నాలుగోది గ్యాసు మాట. ఇందులో వాడే గ్యాసు పేరేమిటి, పదేళ్ల తరువాత కూడా అది దొరుకుతుందా అని అడగండి. చవకగా వచ్చిందని తొలగిపోతున్న గ్యాసు యంత్రం కొంటే, మొదటిసారి గ్యాసు నింపే రోజున ఆ లాభం కాస్తా పోతుంది.

పాతదాన్ని పట్టుకు వేలాడమనీ, కొత్తదాని వెంట పరుగెత్తమనీ రైల్వేల చరిత్ర చెప్పడం లేదు. పైకప్పు యంత్రం వచ్చిన తరువాత, దాన్ని ఎత్తే క్రేనూ, మార్చే డబ్బా, తెలిసిన మనిషీ సమకూడేదాకా పాత పెట్టెలను నడపడం మానలేదు. ఒక బండి ఉన్నవాడు రెండు రకాలూ పక్కపక్కన నడిపి చూడలేడు. కాబట్టి తన దారిలోనే, తన ఎండలోనే, ఆ కొత్త యంత్రంతో కనీసం రెండు వేసవులు నడిపిన మరో డ్రైవరును వెతికి మాట్లాడాలి. తిరుత్తణి బస్టాండులో ఒక పూట నిలబడి నలుగురు డ్రైవర్లను అడిగి తెలుసుకున్నది రంగుల కరపత్రాల్లో దొరకదు.